‘నాకేమైతది’ అనే అలవాటు

సిద్దిపేటలో ఏ వాడకట్టుకైనా వెళ్లి చిన్న ప్రయోగం చేసి చూడండి. పొద్దున పదింటికి, ఇంటిపని ఒక కొలిక్కి వచ్చిన వేళ, నలభై దాటిన అక్కనెవరినైనా ‘పానం ఎట్లుందక్కా?’ అని అడగండి. ఆమె ముందు మామ షుగర్ గురించి చెబుతుంది. ఆ తర్వాత పెనిమిటి మోకాళ్ల నొప్పులు, కొడుకు కడుపు మంట, కోడలి థైరాయిడ్. ‘మరి నీకు?’ అని రెట్టించండి. కొంగు సర్దుకుని నవ్వుతుంది. ‘నాకేమైతది? మంచిగనే ఉన్న.’

ఈ జవాబును మనం తరతరాలుగా ఓర్పు కింద జమకట్టాం. ‘ఎంత కష్టమొచ్చినా నోరెత్తదు’ అని పదిమందిలో మెచ్చుకున్నాం. పొలం పనిలో, పిల్లల పెంపకంలో ఓర్పు గొప్ప గుణమే. ఛాతీ బిగపట్టినప్పుడు మాత్రం అది ఆలస్యానికి మరో పేరు.

మా చిన్నమ్మ సంగతే చెబుతాను. రెండేళ్ల కింద, ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఆమెకు దవడ గుంజింది. ఎడమ రెక్క లాగింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఒంటి నిండా చెమట. పొద్దున తంగేడు పూలకు పోయి వచ్చింది కదా, కారణం చేతిలో తయారుగా ఉంది: ‘పూలు తెంపి తెంపి చెయ్యి గుంజుతున్నది.’ మందుల షాపు నుంచి గ్యాస్ గోలీ తెప్పించుకుంది. రెండో రోజు చూపించుకున్న డాక్టరు ఆమె మాట పూర్తిగా వినకుండానే ‘గ్యాసేనమ్మా, టెన్షన్ పెట్టుకోకు’ అని పంపించాడు. మూడో రోజు రాత్రి చిన్నాయన 108కి ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో స్టెంటు వేశారు. బతికింది. ఈ వ్యాసం రాస్తున్నానని చెబితే, ‘రాయి, కానీ నా పేరు పెట్టకు’ అంది.

గుండెపోటు అనగానే మనకు తెలుగు సినిమాలో హీరోయిన్ తండ్రి గుర్తొస్తాడు. ఛాతీ పట్టుకుని సోఫాలో కూలబడతాడు, చుట్టూ అందరూ అరుస్తారు. ఆడవాళ్లలోనూ ఎక్కువగా వచ్చేది ఛాతీ నొప్పే. కానీ దానితో పాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, దవడలోనో వీపులోనో నొప్పి, వికారం, కారణం తెలియని నీరసం వస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ సినిమాలో చూపించరు. చూపించినా పక్కన అరిచేవాళ్లుండరు, ఎందుకంటే ఆమె అప్పుడు వంటింట్లో ఒంటరిగా ఉంటుంది.

ఇది ఒక్క మా ఇంటి కథైతే రాయాల్సిన పనిలేదు. 2021 మేలో ‘ది లాన్సెట్’ వైద్య పత్రిక ఆడవాళ్ల గుండెజబ్బుల మీద ఒక కమిషన్ నివేదిక వేసింది. న్యూయార్క్ హృద్రోగ నిపుణురాలు రొక్సానా మెహ్రాన్ దానికి నాయకత్వం వహించారు. ప్రపంచంలో ఆడవాళ్ల మరణాల్లో 35 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని వాళ్లు లెక్కగట్టారు. ఆ జబ్బు మీద పరిశోధన తక్కువ, దాన్ని గుర్తుపట్టడం తక్కువ, చేసే వైద్యం ఇంకా తక్కువ అనీ తేల్చారు. అంటే చిన్నమ్మను పట్టించుకోని డాక్టరు ఒక్కడే కాదు, ఆయన వెనుక పెద్ద బడే ఉంది.

సరే, ఇప్పుడు ఏం చేయాలి? మామూలుగా వ్యక్తిత్వ వికాస వ్యాసాలన్నీ ఇక్కడ మీ మనసు మార్చుకోమంటాయి. పొద్దున్నే లేవండి, నవ్వండి, ధ్యానం చేయండి, సానుకూలంగా ఆలోచించండి. నాకు వాటితో తగువు లేదు. కానీ గుండె మనసులో ఉండదు. అది ఒక వంటింట్లో, ఒక వీధిలో, ఒక కుటుంబంలో కొట్టుకుంటూ ఉంటుంది. అందుకే నేను మిమ్మల్ని ముందు మీ పొయ్యి మార్చుకోమంటాను. మనసు సంగతి తర్వాత చూద్దాం.

మన పక్క ఊళ్లలోనే తేలిన లెక్క

పొయ్యి దగ్గరే ఎందుకు మొదలుపెట్టానో చెబుతాను. హైదరాబాద్ శివార్లలో, రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఒక పరిశోధన జరిగింది. దాని ఆంగ్లపేరును కుదిస్తే ‘చాయ్’ అని వస్తుంది. తెలంగాణలో గాలి కాలుష్యం, గుండె ఆరోగ్యం మీద పరిశోధనకు ఇంతకన్నా మంచి పేరు దొరకదు లెండి. బార్సిలోనాలోని ఐఎస్‌గ్లోబల్ సంస్థ పరిశోధకురాలు క్యాథ్రిన్ టోన్ బృందం, ఆ పల్లెల్లో ఎన్నో ఏళ్లుగా కుటుంబాలను గమనిస్తున్న ఒక పాత అధ్యయనాన్ని ఆధారం చేసుకుని ఈ పని చేసింది. 3,372 మందికి మెడలోని రక్తనాళాల గోడల మందం కొలిచారు. వాళ్ల సగటు వయసు 38 ఏళ్లే. మెడలోని ఆ నాళం గోడ మందమెక్కుతోందంటే గుండెకూ మెదడుకూ ముందున్న ప్రమాదానికి అది తొలి గుర్తు.

ఆ ఊళ్ల గాలిలో సన్నని ధూళి, అంటే పీఎం 2.5, ఏడాది సగటు ఘనపు మీటరుకు దాదాపు 33 మైక్రోగ్రాములు. మన దేశ ప్రమాణం 40. అంటే కాగితం మీద ఆ పల్లెలు పాస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 5 మాత్రమే. ఆ లెక్కన ఆరు రెట్లు పైనే ఫెయిల్. ధూళి ఎక్కువున్న చోట రక్తనాళాల గోడలు మందంగా కనిపించాయి. అన్నిటికన్నా పెద్ద తేడా కనిపించింది ఎవరిలో అనుకున్నారు? పొగ పోయే దారి లేని చోట కట్టెలు, పిడకలతో వండే ఆడవాళ్లలో. మిగిలినవాళ్లతో పోలిస్తే దాదాపు 6 శాతం ఎక్కువ మందం.

అదే పరిశోధనలో రక్తపోటూ చూశారు. ధూళి ఒక్క మైక్రోగ్రాము పెరిగితే ఆడవాళ్ల పై బీపీ సుమారు 1.4 పాయింట్లు ఎక్కువగా కనిపించింది. మగవాళ్లలో ఆ సంబంధం అంత గట్టిగా లేదు. ఇలాంటి పరిశోధనలు కారణాన్ని ముద్రవేసి చెప్పవు, రెండూ కలిసి నడుస్తున్నాయని మాత్రమే చెబుతాయి. కానీ పొగ గుండెకు మంచిది కాదన్న సంగతి వేరే చోట్లా ఎన్నోసార్లు రుజువైందే. సన్నని ధూళి ఊపిరితిత్తుల లోతుకు చేరి వాపు పుట్టిస్తుంది. ఆ వాపు రక్తనాళాల దాకా పోతుంది. నాళాలు బిగుసుకుంటాయి, గోడల్లో కొవ్వు పేరుకోవడం సులువవుతుంది.

‘మా ఇంట్లో గ్యాసే ఉంది’ అంటారు మీరు. నిజమే. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, 2024లో 500 రూపాయల సిలిండర్ వచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 90 శాతానికి పైగా ఇళ్లలో వంట గ్యాసు లాంటి శుభ్రమైన ఇంధనంతోనే. కానీ సర్వే అడిగేది ముఖ్యంగా దేనితో వండుతారని. వెనుక వాకిట్లో నీళ్లు కాగబెట్టే పొయ్యి సంగతి అడగదు. చలికాలం పొద్దున ఐదింటికి మన పల్లెల్లో తిరిగి చూడండి. పత్తికట్టె, మక్క బెండ్లు, తుమ్మ మొద్దులు, అంటుకోవడానికి పైన ఒక ప్లాస్టిక్ కవరు. ఇంటిల్లిపాది స్నానాలకు నీళ్లు కాగే దాకా ఆ పొగ ముందు కూర్చునేది ఎవరు? సంక్రాంతికి సకినాలు, గారెలు పెద్ద మూకుడులో వేయించేటప్పుడు గ్యాసు ఖర్చవుతుందని కట్టెల పొయ్యి రాజేసేది ఎవరు?

ఇక్కడ చేయాల్సింది చిన్నది. కవరు వేసి మంట పెట్టడం ఇవాళే మానేయండి. పొయ్యిని ఇంటి గోడకు దూరంగా, గాలి వీచే దిక్కు చూసి పెట్టించండి. పచ్చికట్టె పొగ ఎక్కువ, ఎండిన కట్టె తక్కువ; వానాకాలం ముందే కట్టె కప్పి దాచడం ఆరోగ్య కార్యక్రమమే. వంటింట్లో గ్యాసు ఉన్నా కిటికీ తీసే ఉంచండి, నూనె పొగ కూడా పొగే. నీళ్లు కాగబెట్టే పని ఇంట్లో మగపిల్లలకు అప్పగించండి. పొగ పంచుకుంటేనే దాన్ని తగ్గించాలన్న ఆలోచన ఇంట్లో అందరికీ వస్తుంది. ఇది నా అనుభవం.

పొగ ముచ్చట వచ్చింది కాబట్టి బీడీల మాట దాటవేయలేను. సిద్దిపేట, దుబ్బాక ప్రాంతాల్లో బీడీలు చుట్టి సంసారాలు ఈదిన అమ్మలు ఎందరో. ఆకు నానబెట్టి, కొలతకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టి, వెయ్యి లెక్క పూర్తయ్యేదాకా వంగిన నడుము లేవదు. పొద్దంతా కూర్చునే ఉంటారు, తంబాకు దుమ్ము పీలుస్తూనే ఉంటారు. నికోటిన్ చర్మంలోంచి కూడా ఒంట్లోకి దిగుతుంది. ఇక ఆమె చుట్టిన బీడీనే ఇంటాయన అరుగు మీద కూర్చుని ముట్టిస్తాడు, ఆ పొగ మళ్లీ ఆమె దగ్గరికే వస్తుంది. పక్కవాళ్లు తాగే పొగ పీల్చేవాళ్లకు గుండెజబ్బు ప్రమాదం 25 నుంచి 30 శాతం దాకా పెరుగుతుందని అమెరికా ప్రజారోగ్య శాఖ నివేదికలు చెబుతున్నాయి. చాట ఒడిలో పెట్టుకుని కూర్చునే ఆడవాళ్లకు నేనిచ్చే సలహా ఒక్కటే: గంటకోసారి లేవండి, వాకిలి దాకా నడిచి రండి, పని ఆరుబయట చేయండి, చేతులు సబ్బుతో కడిగాకే అన్నం ముట్టండి. పని మానేయమని చెప్పే హక్కు నాకు లేదు. నెల ఖర్చు నేను ఇవ్వడం లేదు కదా.

‘రక్తం తక్కువ’ అనే సాకు

మన దగ్గర ఆయాసానికి ఒక స్థిరమైన జవాబుంది: ‘రక్తం తక్కువుంది.’ అది అబద్ధమేమీ కాదు. పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తెలంగాణ ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. చిక్కేమిటంటే, ఒక నిజం ఇంకో నిజాన్ని కప్పేస్తుంది. ఆయాసం వచ్చిందంటే ఐరన్ గోలీ రాసిచ్చి పంపుతారు. బీపీ చూడరు. అదే తెలంగాణలో నలుగురు ఆడవాళ్లలో దాదాపు ఒకరికి రక్తపోటు ఎక్కువగా ఉంది, లేదా దానికి మందు వాడుతున్నారు. రక్తం పరీక్ష చేయించుకున్న రోజే బీపీ, షుగరూ చూపించుకుంటే మీకు ఖర్చయ్యేది ఐదు నిమిషాలు.

ఆడవాళ్ల గుండె కథలో మగవాళ్లకు లేని అధ్యాయాలు కొన్ని ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగిందా? షుగర్ వచ్చిందా? నెలలు నిండకుండా కాన్పయిందా? ప్రసవమయ్యాక అన్నీ సర్దుకున్నాయని మరిచిపోతాం. గుండె మరిచిపోదు. ఆ సంగతులు ఇరవై ఏళ్ల తర్వాత ప్రమాదాన్ని పెంచుతాయి. కాబట్టి పాత తల్లీబిడ్డ కార్డు పాత సామాన్లవాడికి వేయకండి. భూమి పాసుపుస్తకం ఎక్కడ పెట్టారో అక్కడే పెట్టండి.

ఇంకోటి, చెప్పడానికి కాస్త ఇబ్బందైనది. గర్భసంచి ఆపరేషన్. 2015–16 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు 3.2 శాతముంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. మన రెండు రాష్ట్రాలే దేశంలో ముందు. తెల్లబట్ట, కడుపునొప్పి, ‘ముందు ముందు క్యాన్సర్ అయితది’ అన్న భయం, పిల్లలు చాలన్న మాట, పనిరోజులు పోతాయన్న లెక్క. ఇవన్నీ కలిసి నలభై నిండకముందే ఎందరినో ఆపరేషన్ బల్ల మీదికి చేర్చాయి. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ముట్లు ఆగే దశ వెంటనే వచ్చేస్తుంది. ఈస్ట్రోజెన్ అనే రక్షణ పోతుంది, గుండెజబ్బు ప్రమాదం పెరుగుతుంది. అవసరమైన ఆపరేషన్ అవసరమే, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ ఎవరైనా చేయించుకోమంటే రెండో డాక్టరు అభిప్రాయం అడగండి. ‘అండాశయాలు కూడా తీస్తారా? ఎందుకు?’ అనే ప్రశ్న వేయండి. ఇప్పటికే చేయించుకున్నారా, ఏం తీశారో కాగితం చూసి తెలుసుకోండి, ఏడాదికోసారి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు మీకు ఇతరులకన్నా ముందే మొదలుపెట్టాలి.

నేను నేర్చుకొమ్మని చెప్పే మొదటి విద్య ఇదే: అడగడం. మన చదువులు మగపిల్లలకు వాదించడం నేర్పాయి, ఆడపిల్లలకు సర్దుకోవడం నేర్పాయి. దవాఖానలో సర్దుకోవడం పనికిరాదు. ఇంట్లో అద్దం ముందు నిలబడి రెండు వాక్యాలు సాధన చేయండి. ఇంగ్లీషులో కాదు, మీ మాటలోనే. ‘సార్, రెండు రోజుల సంది ఆయాసం, దవడ గుంజుతున్నది. ఇది గుండెది కాదని ఎట్ల చెప్తున్నరు? ఈసీజీ తీయుండ్రి.’ మొదటి ఈసీజీ మామూలుగా వచ్చినా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయమనండి. కసురుకుంటే కసురుకోనివ్వండి. కసురుతో ఎవరూ చావరు.

మీ వెంట వచ్చేవాళ్లకూ ఒక సాధన ఉంది. భార్యను చూపించడానికి తీసుకెళ్లిన భర్త, తల్లిని తీసుకెళ్లిన కొడుకు, డాక్టరు అడగ్గానే తామే జవాబు చెప్పేస్తారు. ‘ఏం లేదు సార్, కొంచెం టెన్షన్ తీసుకుంటది.’ అన్నా, ఆగండి. ఆమెకు నోరుంది. మీరు ఫైలు పట్టుకోండి చాలు.

నడక గురించి చెప్పకుండా గుండె వ్యాసం ముగియదు. వారానికి కనీసం 150 నిమిషాలు, కొంచెం చురుగ్గా, అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోజుకు సగటున ఇరవై రెండు నిమిషాలు కూడా కాదు. సిద్దిపేటకు కోమటి చెరువు కట్ట ఉంది, దీపాలున్నాయి. ఇబ్బంది ఎక్కడంటే ఇంటి గడపకూ కట్టకూ మధ్య. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్లు రాత్రి తొమ్మిదింటి దాకా వీధిలో చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ, గుండ్రంగా తిరుగుతారు. చెమట పడుతుంది, ఊపిరి పెరుగుతుంది, పక్కన స్నేహితురాళ్లుంటారు. గుండెకు అంతకన్నా మంచి వ్యాయామం ఏ జిమ్ములోనూ లేదు. ఎవరూ ఏమనరు. సద్దుల బతుకమ్మ చెరువులో కలిసిన మర్నాడు అదే ఆడది సాయంత్రం ఒంటరిగా నడకకు బయల్దేరితే? ‘ఎటు పోతున్నవ్? ఇంట్ల పని లేదా?’ కాళ్లలో బలం ఉంది, తొమ్మిది రోజులు చూశాం కదా. ఆమెకు దొరకనిది అనుమతి.

కాబట్టి ఒంటరిగా వెళ్లకండి, గుంపుగా వెళ్లండి. బతుకమ్మ ఆడిన అదే గుంపు, అదే వేళ, పదో రోజు నుంచి నడక గుంపు. నలుగురున్న చోట ఎవరూ ప్రశ్నలు వేయరు, కుక్కలు కూడా జంకుతాయి. చీరకట్టుతోనే నడవండి, కొత్త బట్టలు, బూట్ల కోసం ఆగకండి. పక్కవాళ్లు నవ్వితే ఒక వారం నవ్వుతారు.

ఈ మాట వినగానే పెద్దవాళ్లు కొందరు ‘మా కాలంలో బిందెలు మోసినం, బోరింగులు కొట్టినం, గుండెజబ్బులు లేకుండె’ అంటారు. ఆ మాట నేను నమ్మను. ఆ రోజుల్లో బీపీ చూసినవాళ్లే లేరు, ఆడమనిషి హఠాత్తుగా పోతే గాలి సోకిందనుకునేవాళ్లు. 2016 ఆగస్టు 7న మన గజ్వేల్ పక్కన కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైంది. నల్లా నీళ్లు ఇంటి ముందుకు రావడం ఆడవాళ్ల నడుముకు, సమయానికి జరిగిన మేలు. నీళ్లు మోయకుండా మిగిలిన ఆ గంట ఎవరి ఖాతాలోకి పోయింది అన్నదే నా ప్రశ్న. సీరియల్ ఖాతాలోకా, ఇంకో ఇంటిపని ఖాతాలోకా? అందులో సగం మీ గుండె ఖాతాలో వేసుకోండి.

తిండి విషయం క్లుప్తంగా. పొద్దున అందరికీ టిఫిను పెట్టి పదకొండింటికి మిగిలిన అన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకుని తినే అలవాటు మన ఇళ్లలో మామూలు. తొక్కులో ఉప్పు, అప్పడంలో ఉప్పు, మిక్చర్‌లో ఉప్పు. ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాముల లోపే ఉండాలి, అంటే ఒక చిన్న చెంచా. కూరల్లో తగ్గించమంటే ఎవరూ ఒప్పుకోరు, నాకు తెలుసు. తొక్కు మీద మాత్రం ఆడవాళ్లే ఆధారపడతారు, ఎందుకంటే కూర అయిపోయి ఉంటుంది. అందుకే వంటలో కాదు, వడ్డనలో మార్పు కావాలి. కూర ముందు మీ గిన్నెలో తీసి పెట్టుకోండి, ఆ తర్వాతే అందరికీ వడ్డించండి. మొదటి రోజు దొంగతనం చేసినట్టు ఉంటుంది. వారంలో అలవాటవుతుంది. జొన్నరొట్టె, మక్క గటక పేదల తిండి అని వదిలేసిన ఇళ్లు కనీసం వారానికి నాలుగు రోజులు వాటిని మళ్లీ తెచ్చుకోవచ్చు. తెల్లన్నం కుప్ప మీద ఇంత చారు పోసుకుని ‘నేను తక్కువే తింటా’ అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

ఒంటరితనం మాట ఎవరూ గుండె వైద్యంలో చేర్చరు, కానీ అదీ ఉంది. 2016లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన, అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి, ఒంటరితనం, నలుగురితో కలవకపోవడం ఉన్నవాళ్లలో గుండెజబ్బు ప్రమాదం 29 శాతం ఎక్కువని తేల్చింది. మల్లన్నసాగర్ జలాశయం కింద వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్లు ఖాళీ అయి, జనం గజ్వేల్ దగ్గర కాలనీలకు వచ్చినప్పుడు పరిహారంలో ఇల్లు, స్థలం లెక్క వేశారు. పక్కింటి అక్కను ఏ లెక్కలోనూ వేయలేదు, వేయలేరు కూడా. కొడుకులు హైదరాబాద్‌లో, భర్త దుబాయిలో, ఇంట్లో తానొక్కతే ఉన్న ఆడమనిషి కథ కూడా ఇలాంటిదే. కొత్త చోటికి వచ్చినవాళ్లు సామాను సర్దుకున్నాక చేయాల్సిన మొదటి పని పొదుపు సంఘంలో చేరడం. అప్పు కోసం కాదు, నెలకోసారి పది ముఖాలు చూడటం కోసం.

సంఘం పేరెత్తాను కాబట్టి నా అసలు ప్రతిపాదన చెప్పేస్తాను. విందుల్లో ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు వద్దనుకుని స్టీల్ బ్యాంకు పెట్టుకున్న ఊరు మనది. పెళ్లికి గిన్నెలు తెచ్చుకుంటాం, కడిగి తిరిగి ఇచ్చేస్తాం. అదే పద్ధతిలో ప్రతి సంఘానికీ ఒక బీపీ మెషిన్ ఎందుకు ఉండకూడదు? రెండు వేల రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. పదిమంది పంచుకుంటే తలా రెండు వందలు. నెల మీటింగులో కిస్తీ కట్టే ముందు ఒక్కొక్కరూ కూర్చోవాలి. ఐదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు ఆనించి, కాళ్లు నేల మీద ఆనించి, చేయి గుండె ఎత్తులో. అంతకుముందు అరగంట చాయ్ తాగకూడదు. రెండుసార్లు చూసి పుస్తకంలో రాసుకోవాలి. పైది 140, కిందిది 90, వీటిలో ఏదైనా దాటి, వేరే రోజు చూసినా అంతే ఉంటే, సర్కారు దవాఖానకు. 2017 నవంబర్‌లో దేశంలో బీపీ నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పుడు తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. బీపీ మందులు సర్కారు దవాఖానల్లో ఉచితంగా ఇస్తారు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు కిరాయి లేదు, అదే రోజు ఆరోగ్యశ్రీ హద్దు 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. అదే ఏడాది అక్టోబర్ 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలూ వచ్చింది. ‘బస్సు కిరాయి ఎవరిస్తరు’ అనే సాకు ఒకటైనా తగ్గింది కదా.

మందు మొదలుపెట్టాక ఒక జాగ్రత్త. బీపీ తగ్గగానే ‘తగ్గింది కదా’ అని ఆపేస్తారు. తగ్గింది మందు వల్లే. పంట పండిందని వచ్చే ఏడు విత్తనం వేయడం మానేస్తామా?

మా చిన్నమ్మ సంఘంలో మెషిన్ కొన్నారు. కొనిపించింది ఆమే, మాట్లాడి మాట్లాడి మూడు మీటింగులు పట్టింది. పోయిన నెల నేనూ అక్కడ ఉన్నాను. ఎనిమిదో మనిషిగా కూర్చున్న ఆమె, యాభై ఉంటాయేమో, చేతికి పట్టీ చుట్టించుకుంటూ నవ్వుతూనే ఉంది. మెషిన్ బుస్సుమని ఆగింది. 158, 96. కాసేపాగి మళ్లీ చూశారు. 156, 98. చిన్నమ్మ అంకెలు పైకి చదివి పుస్తకంలో రాసింది. ఆమె పట్టీ విప్పుకుంటూ ‘నాకేమైత…’ అని మొదలుపెట్టి, చిన్నమ్మ ముఖం చూసి ఆగింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. పుస్తకంలో తన పేరు పక్కనున్న అంకెను వేలితో ఒకసారి ముట్టుకుని చూసింది.

‘రేపు పొద్దుగాల దవాఖానకు బస్సు ఎన్ని గంటలకున్నదే?’ అని అడిగింది.